ప్లాస్టిక్ వ్యర్థాల విచ్ఛిన్నంలో సూక్ష్మజీవులు, ఎంజైములు - కోనసీమకు సంబంధించిన అంశాలు

గోదావరి నది ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలి సముద్రాన్ని చేరే నడిమి భూభాగం కోనసీమ. వైనతేయ పాయ దీనిని మరల విభజిస్తున్నది. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా ప్రత్యేక జిల్లాగా ఏర్పడి, అదే సంవత్సరం ఆగస్టులో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాగా పేరు పొందిన ఈ ప్రాంతంలో కొబ్బరి, వరి, అరటి, చేపలు, రొయ్యల చెరువులు తప్ప ఖాళీ భూమి అరుదు. కొద్ది అడుగుల లోతులోనే నీరు తగులుతుంది. అందువలన మెట్ట ప్రాంతాలలో వలె ఊరి వెలుపల ఒక గుట్ట పక్కన చెత్త పోసే వీలు ఇక్కడ లేదు. ఇంటి నుండి బయటపడిన ప్లాస్టిక్ సంచి కాలువ గట్టుకో, మురుగు కోడుకో, ఏటి ఒడ్డుకో చేరుతుంది.

మధ్య డెల్టా కాలువల నీరు పొలాలకు సాగునీరు మాత్రమే కాదు, అనేక గ్రామాల చెరువులను నింపే తాగునీరు కూడా. వేసవిలో కాలువలు కట్టివేసినపుడు లాకుల వద్ద, తూముల వద్ద పేరుకొని ఉన్న సంచులు, సీసాలు, నీళ్ల ప్యాకెట్లు బయటపడతాయి. కనుమనాటి జగ్గన్నతోట ప్రభల తీర్థం, మాఘమాసంలో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణోత్సవం వంటి సందర్భాలలో వేలాదిగా తరలివచ్చే జనం వదలి వెళ్లే వ్యర్థాలు దీనికి అదనం. ఈ పరిస్థితులలో, ప్లాస్టిక్‌ను తినివేసే బాక్టీరియా కనుగొన్నారన్న వార్త వెలువడిన ప్రతిసారీ, ఆ పొడి తెచ్చి కాలువలో చల్లితే సరిపోదా అన్న ప్రశ్న సహజంగానే ఉదయిస్తున్నది. సమాధానం ఏ ప్లాస్టిక్ గురించి అడుగుతున్నారన్న దానిపై ఆధారపడి ఉన్నది. ఈ విషయంలో ఇంతవరకు నిర్ధారణ అయిన అంశాలను ఇక్కడ వివరించడమైనది.

కొబ్బరి పొట్టుపై శిలీంధ్రాల పని

సూక్ష్మజీవులతో వ్యర్థాలను కుళ్లబెట్టి సొమ్ము చేసుకోవడం కోనసీమకు కొత్త కాదు. కొబ్బరి డొక్కల నుండి పీచు తీసే యూనిట్ల వద్ద ఒక టన్ను పీచుకు సుమారు రెండు టన్నుల పొట్టు మిగులుతుందని అంచనా. ఈ పొట్టు వర్షానికి తడిసి టానిన్లతో కూడిన గోధుమరంగు నీటిని వదులుతుంది, వేసవిలో నిప్పంటుకుంటే రోజుల తరబడి రగులుతుంది. సంవత్సరాలు గడచినా కుళ్లదు. ఇందులో లిగ్నిన్ అనే పదార్థం అధికంగా ఉండడమే దీనికి కారణం. మొక్కలకు గట్టిదనాన్నిచ్చే ఈ లిగ్నిన్ ఒక సహజ పాలిమర్. దీని అణువుల అల్లిక క్రమరహితంగా ఉండడం వలన సాధారణ బాక్టీరియాకు కొరుకుడు పడదు.

దీనిని విడగొట్టగలిగేవి తెల్లకుళ్లు శిలీంధ్రాలు. ఆహారంగా పెంచుకునే ముత్యపు చిప్ప పుట్టగొడుగు ఈ వర్గానికి చెందినదే. ఇది లాకేజ్, మాంగనీస్ పెరాక్సిడేజ్ అనే ఎంజైములను తన దేహం వెలుపలికి స్రవించి, లిగ్నిన్‌ను ఆక్సీకరించి, ముక్కలు చేసి, అటుపిమ్మట పీల్చుకుంటుంది. కోయర్ బోర్డు 'పిత్‌ప్లస్' పేరుతో అందిస్తున్న పుట్టగొడుగు విత్తనం ఈ సూత్రంపైననే పనిచేస్తుంది.

విధానం కష్టమైనది కాదు. నీడపట్టున సుమారు 5 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు గల స్థలంలో 100 కిలోల పొట్టును పరచి, దానిపై ఒక సీసా పుట్టగొడుగు విత్తనాన్ని చల్లవలెను. దానిపై మరొక 100 కిలోల పొట్టు పరచి ఒక కిలో యూరియా చల్లవలెను. ఇట్లు ఒక వరుస విత్తనం, ఒక వరుస యూరియా చొప్పున ఒక టన్ను పొట్టు పూర్తయ్యే వరకు పేర్చవలెను. మొత్తం మీద 5 సీసాల విత్తనం, 5 కిలోల యూరియా సరిపోతాయి. తడి ఆరకుండా నీరు చల్లుతూ ఉన్నచో నెల నుండి రెండు నెలలలో పొట్టు నల్లని ఎరువుగా మారుతుంది. ప్రారంభంలో 112:1గా ఉండే కర్బన-నత్రజని నిష్పత్తి 24:1 వరకు దిగివస్తుంది. యూరియా వేయడంలోని అంతరార్థం ఇదే. పొట్టులో కర్బనానికి కొదవ లేదు, శిలీంధ్రం పెరగడానికి కావలసిన నత్రజని మాత్రమే కొరవడినది.

సూక్ష్మజీవులను పెంచి రైతులకు అందించే అనుభవం కూడా ఈ గడ్డపై ఉన్నది. డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయానికి చెందిన అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం కొబ్బరిలో గానోడెర్మా తెగులుకు ట్రైకోడెర్మా శిలీంధ్రాన్ని, సర్పిలాకార తెల్లదోమకు ఐసేరియా ఫ్యూమోసోరోజియా శిలీంధ్రాన్ని ఉత్పత్తి చేసి వాడుకలోకి తెచ్చినది. ఆక్వా రైతులకు చెరువు అడుగున చేరిన మేత, మలినాలను విచ్ఛిన్నం చేసే ప్రోబయోటిక్ బాక్టీరియా సుపరిచితమే. అయితే ఇవేవీ ప్లాస్టిక్ జోలికి పోవు. చెరువులో పడిన మేత బస్తా ముక్క ఎన్ని ప్రోబయోటిక్‌లు చల్లినా పాలిప్రొపిలీన్ ముక్కగానే మిగిలి ఉంటుంది.

ఏ బంధం తెగుతుంది, ఏది తెగదు

ప్లాస్టిక్ అన్న ఒకే మాటతో పిలుస్తున్నప్పటికీ ఇవి రసాయనికంగా వేర్వేరు కుటుంబాలకు చెందినవి. మంచినీళ్ల సీసాల తయారీకి వాడే పెట్ ప్లాస్టిక్ ఒక పాలిఎస్టర్. టెరిఫ్తాలిక్ ఆమ్లం, ఇథిలీన్ గ్లైకాల్ అనే రెండు పదార్థాలు ఎస్టర్ బంధాలతో ఒకదాని వెంట ఒకటి గొలుసుగా అల్లుకొని ఉంటాయి. ఈ బంధం నీటి అణువు చొరబడితే తెగుతుంది. ఎంజైము చేసే పని ఆ చొరబాటును వేగవంతం చేయడమే. ఆకులపై మైనపు పొరలో ఉండే క్యూటిన్ అనే పదార్థం కూడా పాలిఎస్టరే కనుక, రాలిన ఆకులను కుళ్లబెట్టే సూక్ష్మజీవుల వద్ద ఈ తరహా బంధాన్ని తెంచే క్యూటినేజ్ ఎంజైములు అనాదిగా ఉన్నాయి.

క్యారీ బ్యాగులు, నీళ్ల ప్యాకెట్లు, పాల ప్యాకెట్ల తయారీకి వాడే పాలిథిన్ దీనికి భిన్నమైనది. 1933లో ఇంగ్లండులో అనుకోకుండా రూపుదిద్దుకున్న ఈ పదార్థంలో ఉన్నవి కర్బనానికి, కర్బనానికి నడుమ గల బంధాలు మాత్రమే. నీటితో తెగే అతుకు ఎక్కడా లేదు. ముడిచమురును తినే బాక్టీరియా ఉన్నమాట వాస్తవం. ఢిల్లీలోని టెరీ సంస్థ రూపొందించిన 'ఆయిల్‌జాపర్' అనే బాక్టీరియా మిశ్రమాన్ని చమురు మడ్డిని శుద్ధి చేయడానికి మన దేశంలో ఉపయోగిస్తున్నారు. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండడాన్ని కళ్లారా చూసిన కోనసీమ ప్రజలకు చమురు, సహజవాయువుల సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. చమురు, పాలిథిన్ రెండూ హైడ్రోకార్బన్లే అయినా, చమురులోని అణువులో పదుల సంఖ్యలో కర్బన పరమాణువులుంటే, పాలిథిన్ గొలుసులో వేల సంఖ్యలో ఉంటాయి. అంత పొడవైన గొలుసు బాక్టీరియా కణంలోనికి ప్రవేశించజాలదు. దానిని బయటనే ముక్కలు చేయగల సమర్థమైన ఎంజైము కావలెను.

ఆకు కుప్ప నుండి కర్మాగారానికి

పెట్ విషయంలో గడచిన కొన్నేళ్లలో సాధించిన పురోగతి నిజంగా గణనీయమైనది. 2012లో జపాను శాస్త్రజ్ఞులు ఆకులు, కొమ్మలు కుళ్లబెట్టిన ఎరువు కుప్ప నుండి సేకరించిన జన్యు పదార్థంలో పెట్‌ను కరిగించగల ఒక క్యూటినేజ్‌ను గుర్తించారు. 2016లో అదే దేశానికి చెందిన మరొక బృందం సకాయ్ నగరంలోని ప్లాస్టిక్ సీసాల పునర్వినియోగ కేంద్రం పరిసరాల నుండి సేకరించిన నమూనాలలో ఐడియోనెల్లా సకాయెన్సిస్ అనే బాక్టీరియాను కనుగొన్నది. ఇది పెట్‌ను కరిగించడమే కాక దానినే ప్రధాన ఆహారంగా చేసుకొని బ్రతుకుతుంది. ఇందుకు పెటేజ్, మెహెటేజ్ అనే రెండు ఎంజైములను వాడుకుంటుంది. మొదటిది పెద్ద గొలుసును తుంచుతుంది, రెండవది మిగిలిన ముక్కను తిరిగి ఆమ్లంగా, గ్లైకాల్‌గా విడదీస్తుంది.

ఈ వార్త ప్రపంచమంతటా ప్రచారం పొందినది. అయితే ఆ బాక్టీరియా 30 డిగ్రీల సెల్సియస్ వద్ద పలుచని, మెత్తని పెట్ పొరను విచ్ఛిన్నం చేయడానికి ఆరు వారాలు పట్టినదన్న సంగతి అంతగా ప్రచారం కాలేదు. సీసాలోని ప్లాస్టిక్ ఆ పొర కంటే చాలా బిగువైనది. సీసా ఊదేటపుడు దానిలోని గొలుసులు సాగి, వరుసలు కట్టి స్ఫటికంలా గట్టిపడతాయి. ఎంజైముకు ఆ వరుసల నడుమ చోటు దొరకదు.

ఈ ఇబ్బందిని ఫ్రాన్సుకు చెందిన కార్బియోస్ సంస్థ, టౌలూస్ శాస్త్రజ్ఞులు మరొక దారిలో అధిగమించారు. ఎరువు కుప్పలో దొరికిన 2012 నాటి ఎంజైమునే తీసుకొని, అందులోని కొన్ని అమైనో ఆమ్లాలను మార్చి, 72 డిగ్రీల వేడిని తట్టుకొనేటట్లు చేశారు. సుమారు 70 డిగ్రీల వద్ద పెట్ మెత్తబడుతుంది కనుక ఆ వేడికి ప్రాధాన్యం ఉన్నది. సీసాలను ముందుగా కరిగించి, చప్పున చల్లార్చి, పొడి చేసి ఈ ఎంజైముతో కలిపినపుడు 10 గంటలలో 90 శాతం విడిపోయినట్లు 2020లో ప్రకటించారు. వచ్చిన ఆమ్లంతో తిరిగి కొత్త సీసాలు తయారు చేసి చూపారు. 2022లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయం కంప్యూటరు సాయంతో రూపొందించిన మరొక ఎంజైము 50 డిగ్రీల వద్దనే వాడి పారవేసిన పలుచని పెట్లను, డబ్బాలను వారం రోజులలో కరిగించినది.

ఇక్కడ గమనించవలసినది ఒకటి ఉన్నది. ఈ ప్రక్రియలన్నీ మూసిన ట్యాంకులలో, నియంత్రిత వేడిలో, శుభ్రం చేసి పొడి చేసిన ప్లాస్టిక్‌పై జరిగేవి. పని సాగే కొలదీ ఆమ్లం పుడుతుంది కనుక క్షారం కలుపుతూ ఉండవలెను, చివరకు మిగిలే లవణాన్ని ఎక్కడ పెట్టవలెనన్నది వేరే సమస్య. ఆ ఎంజైము తెచ్చి అమలాపురం కాలువలో వదిలితే అది పలుచబడి, చల్లబడి, తక్కిన ప్రొటీనుల వలెనే ఇతర జీవులకు ఆహారమైపోతుంది.

అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి. మన దేశంలో ఖాళీ నీళ్ల సీసాకు పాత సామాను వర్తకుల వద్ద ఎంతో కొంత ధర పలుకుతుంది. ఆ సీసాలను ముక్కలు చేసి, కరిగించి పాలిఎస్టర్ దారంగా మార్చే పరిశ్రమ ఏనాటి నుండో నడుస్తున్నది. కొనేవారు లేక కాలువలలో మిగిలిపోతున్నది పలుచని సంచి, నీళ్ల ప్యాకెట్, చిరుతిళ్ల పొట్లం. అంటే ఎంజైముల విజయం ప్రధానంగా ఇప్పటికే ఏరుకోబడుతున్న ప్లాస్టిక్‌కు సంబంధించినది. కోనసీమ లాకుల వద్ద పేరుకుపోతున్న దానికి ఇంకా మందు దొరకలేదు.

పాలిథిన్‌పై జరుగుతున్న పరిశోధనలు

ప్రయత్నాలు లేకపోలేదు. తేనెటీగల పెంపకందారులకు శత్రువైన మైనపు పురుగు పాలిథిన్ సంచికి రంధ్రాలు చేయడాన్ని స్పెయిన్ శాస్త్రజ్ఞులు గమనించి 2017లో వెల్లడించారు. సుమారు 100 పురుగులు 12 గంటలలో 92 మిల్లీగ్రాముల సంచిని హరించాయి. ఆ లెక్కన 5 గ్రాముల సంచి ఒకటి కరగడానికి వాటికి దాదాపు నెల రోజులు పడుతుంది. 2022లో ఈ పురుగు లాలాజలంలోని రెండు ప్రొటీనులు పాలిథిన్‌ను ఆక్సీకరిస్తున్నట్లు ప్రకటించారు. ఇది పనికివచ్చే ప్రక్రియగా మారినట్లు దాఖలా ఇంకా లేదు. గ్రేటర్ నోయిడా సమీపంలోని చిత్తడి నేలల నుండి శివ్ నాడార్ విశ్వవిద్యాలయం వేరుచేసిన ఎక్సిగుయోబాక్టీరియం జాతులు థర్మోకోల్ కుటుంబానికి చెందిన పాలిస్టైరీన్‌పై పెరిగినట్లు తెలియవచ్చినది.

పాలిథిన్ ముక్కను మట్టిలో పాతిపెట్టి, కొన్ని నెలల తరువాత తూచి, బరువు తగ్గినందున సూక్ష్మజీవులు తిన్నాయని తేల్చే ప్రయోగాల పట్ల జాగ్రత్త అవసరం. ప్లాస్టిక్‌లో కలిపిన రంగులు, మెత్తదనానికి వేసిన నూనెలు, పొట్టి గొలుసులు పోయినా బరువు తగ్గుతుంది. ప్లాస్టిక్‌లోని కర్బనం కార్బన్ డయాక్సైడ్‌గా మారినట్లు కొలిచి చూపినపుడే అది విచ్ఛిన్నం. ఎండకు పెళుసెక్కి పొడిపొడిగా రాలడం విచ్ఛిన్నం కాదు. ఆ పొడి సూక్ష్మ ప్లాస్టిక్‌గా బురదలో, చేపల కడుపులో చేరుతుంది. లోహ లవణాలు కలిపి త్వరగా పెళుసెక్కేటట్లు చేసిన ఆక్సో తరహా సంచులను యూరోపియన్ యూనియన్ 2021 జూలై నుండి నిషేధించడానికి కారణం ఇదే.

తిరుమల లడ్డూ సంచి

ఉన్న ప్లాస్టిక్‌ను తినే జీవిని వెదకుటకు బదులు, ఉన్న జీవులు తినగల ప్లాస్టిక్‌ను తయారు చేయడం రెండవ మార్గం. ఇందుకు మన రాష్ట్రంలోనే ప్రసిద్ధమైన ఉదాహరణ ఉన్నది. హైదరాబాదులోని డి.ఆర్.డి.ఓ. ప్రయోగశాల పరిజ్ఞానంతో రూపొందిన సంచులను 2021 ఆగస్టులో తిరుమలలో లడ్డూ ప్రసాదం కొరకు తిరుమల తిరుపతి దేవస్థానం ప్రవేశపెట్టినది. మొక్కజొన్న వంటి వాటి నుండి తీసిన పిండి పదార్థం, పి.బి.ఎ.టి. అనే పాలిఎస్టర్ వంటి పదార్థాలు ఈ తరహా సంచులలో ఉంటాయి. పి.బి.ఎ.టి. గొలుసులో ఎస్టర్ బంధాలు ఉండడం వలన ఎరువు కుప్పలోని సూక్ష్మజీవుల ఎంజైములు దానిని తెంచగలవు. చూపునకు పాలిథిన్ సంచిలా ఉన్నా, రసాయనిక స్వభావం రీత్యా ఇది క్యూటిన్‌కు చుట్టము.

అయితే దీనికీ షరతులున్నాయి. కంపోస్టబుల్ ప్లాస్టిక్‌కు వర్తించే భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 17088. దీని ప్రకారం పదార్థాన్ని సుమారు 58 డిగ్రీల వేడిగల ఎరువు కుప్పలో పరీక్షించి, 180 రోజులలోగా 90 శాతం కర్బనం విచ్ఛిన్నమగునో లేదో చూస్తారు. కాలువ నీటిలో అంత వేడి ఉండదు. కాబట్టి కంపోస్టబుల్ సంచి అయినా సరే కాలువలో వేయరాదు.

గ్రామ పంచాయతీల చెత్త నుండి సంపద కేంద్రాలలో ఎక్కువగా జరిగేది వానపాముల ఎరువు తయారీ. వానపాములు 35 డిగ్రీలు దాటిన వేడిని ఓర్వలేవు కనుక ఆ తొట్టెలు చల్లగానే ఉంటాయి, అందులో ఈ సంచులు ఆలస్యంగా కరుగుతాయి. తడి చెత్త, పేడ, కొబ్బరి పొట్టు కలిపి మనిషి నడుము ఎత్తు కుప్పగా వేసినపుడు లోపలి భాగం 55 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. సంచులను చిన్న ముక్కలుగా కత్తిరించి ముందుగా ఆ కుప్పలో వేసి, వేడి తగ్గిన పిదప వానపాముల తొట్టెలోనికి మార్చడం సరైన పద్ధతి. పొరపాటున వీటిని పాలిథిన్‌తో కలిపి పునర్వినియోగానికి పంపినచో ఆ సరుకు నాణ్యత దెబ్బతింటుంది. కనుక ఈ సంచులను మొదటి నుండే విడిగా ఉంచవలెను.

నిబంధనలు, గుర్తించే విధానం

ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు 2016 ప్రకారం కంపోస్టబుల్ సంచులు తయారు చేసేవారు, విక్రయించేవారు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నుండి ధ్రువీకరణ పొందవలెను. సంచిపై కంపోస్టబుల్ అన్న మాట, తయారీదారు పేరు, ధ్రువపత్రం సంఖ్య ముద్రించి ఉండవలెను. ఇవి లేకుండా కేవలం ఆకు బొమ్మ వేసి, పర్యావరణ హితమని వ్రాసిన సంచిని దుకాణదారులు నమ్మి కొనరాదు. చేతితో తాకి, లాగి చూచి ఈ తేడా కనిపెట్టడం సాధ్యం కాదు. ముద్రించిన వివరాలే ఆధారం.

సాధారణ పాలిథిన్ క్యారీ బ్యాగుల కనీస మందం 2021 సెప్టెంబరు 30 నుండి 75 మైక్రాన్లుగా, 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రాన్లుగా పెంచబడినది. పలుచని సంచికి ఏరుకునేవారు లేరు, దళసరి సంచికి ఉన్నారు, మందం నిబంధన వెనుక ఉన్న తర్కం ఇదే. 2022 జూలై 1 నుండి ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణకు వాడే థర్మోకోల్, 100 మైక్రాన్ల లోపు పి.వి.సి. బ్యానర్లు మొదలగు ఒకసారి వాడి పారవేసే వస్తువులు దేశవ్యాప్తంగా నిషేధించబడినవి.

సూక్ష్మజీవులకు లొంగని పలుచని ప్లాస్టిక్‌ను సేకరించినపుడు దానికి వేరే దారులున్నాయి. శుభ్రమైన పాలిథిన్‌ను తారులో కలిపి రోడ్లు వేసే పద్ధతి మధురైలోని త్యాగరాజర్ ఇంజనీరింగ్ కళాశాలలో రూపుదిద్దుకొని దేశమంతటా వ్యాపించినది. పొరలు పొరలుగా అతికిన చిరుతిళ్ల పొట్లాలను సిమెంటు కర్మాగారాల కొలిమిలో ఇంధనంగా వినియోగిస్తున్నారు. ఈ రెండింటికీ తడి చెత్త అంటని పొడి ప్లాస్టిక్ కావలెను. ఇంటి వద్దనే వేరుచేయాలని పదేపదే కోరడం ఇందుకే. భోగి మంటలలో పాత సంచులు, టైర్లు వేయడం మాత్రం ఏ విధంగానూ వినియోగం క్రిందకు రాదు. ముఖ్యంగా పి.వి.సి. కాలినపుడు వెలువడే డయాక్సిన్లు అత్యంత విషపూరితమైనవి.

ఇక పొరుగునే ఉన్న కడియం నర్సరీలలో మొక్కలు పెంచే నల్లని పాలిథిన్ సంచుల సంగతి చూడవలసి ఉన్నది. మొక్క నాటిన ప్రతిచోటా ఒక చిరిగిన సంచి మిగిలిపోతున్నది. కొబ్బరి పీచుతో అచ్చుపోసిన కుండీలో మొక్కను పెంచినచో కుండీతో సహా నాటవచ్చును. నేలలోని శిలీంధ్రాలు క్రమంగా పీచును జీర్ణం చేసుకుంటాయి, వేళ్లు దానిని చీల్చుకొని వెళతాయి. ధర పాలిథిన్ సంచి కంటే ఎక్కువ కావడం దీని విస్తరణకు ప్రధాన ఆటంకం. పీచులో లిగ్నిన్ అధికం కావడం వలన నేలలో పూర్తిగా కలిసిపోవడానికి సంవత్సరాలు పడుతుంది, అయితే ఆ కాలమంతా అది మట్టిలో తేమను పట్టి ఉంచుతుంది. పొట్టును అచ్చులుగా కుదించి ఎగుమతి చేసే యూనిట్లకు, నర్సరీలకు కావలసిన ముడిసరుకు అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల కొబ్బరి తోటలలోనే లభిస్తున్నది.